జంబీల్‌లో ఎంత మిగిలింది?



మా ఆపా ఫోన్ చేస్తే ముందు ఖైరియత్ అడుగుతుంది. ఆ రోజు అడగలేదు. "ఛోటే, నువ్వొకసారి గూడెం వెళ్లిరా. వాడు జాదూ నేర్చుకుంటున్నాడు" అంది.

వాడంటే నా భాంజా. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. రంజాన్ సెలవులకు ఇంటికొచ్చినప్పుడు వాడి నోట్‌బుక్ ఆపా చేతికి దొరికింది. అందులో మంత్రాల జాబితా ఉంది. ఒక్కో మంత్రం పక్కన అంకెలు, కొన్నింటిమీద కొట్టివేతలు. ఆపా ఆ రాత్రి నిద్రపోలేదు. సిహ్ర్ అంటే మన ఇళ్లల్లో ఎంత భయమో మీకు చెప్పక్కర్లేదు. నేను జర్నలిస్టును కాబట్టి లోకంలో అన్నీ నాకు తెలుసని ఆపా నమ్మకం. ఆ నమ్మకాన్ని పాడు చేయడం ఇష్టంలేక ఏలూరులో ప్యాసింజర్ ఎక్కాను. భీమడోలు, పూళ్ల దాటేవరకూ వాడిని ఏమని అడగాలా అనే ఆలోచన.

స్టేషన్లో దిగి, ఉల్లిపాయల లారీలు దాటుకుని, వాడు ఉండే గదికి వెళ్లేసరికి మగ్రిబ్ అయింది. నలుగురు పిల్లలు చాప మీద కూర్చున్నారు. మధ్యలో కాగితాలు, పెన్సిళ్లు, ఇరవై ముఖాల పాచిక ఒకటి. ఐదోవాడు గోడకు ఆనుకుని కథ చెబుతున్నాడు. "మామూ, కూర్చోండి. పది నిమిషాల్లో అయిపోతుంది" అన్నాడు మా వాడు. మూడు గంటలు పట్టింది. నేను కదల్లేదు.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. పైసా పందెం లేదు. ఒకడు కథ నడిపిస్తాడు, మిగతావాళ్లు ఆ కథలో ఒక్కో మనిషిగా మారి "నేను తలుపు తీస్తాను", "నేను దాక్కుంటాను" అని చెబుతారు. పని అయ్యిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. మా వాడి పాత్ర ఒక విజార్డ్, అంటే మన దాస్తాన్ల భాషలో సాహిర్. ఆపాను భయపెట్టిన ఆ నోట్‌బుక్ ఆ సాహిర్ గారి ఖర్చుల పద్దు.

పద్దు అని ఊరికే అనలేదు. వాడి విజార్డ్ ఐదో మెట్టు మీద ఉన్నాడు. ఆ మెట్టులో రోజుకు తొమ్మిది మంత్రాలకే శక్తి ఉంటుంది. మొదటి తరగతివి 4, రెండో తరగతివి 3, మూడో తరగతివి 2. వీటిని స్లాట్‌లు అంటారు. మంత్రం ఒకటి వేస్తే స్లాట్ ఒకటి కొట్టేయాలి. అన్నీ కొట్టేశాక మిగిలేవి చేతిలో దీపం వెలిగించడం లాంటి చిన్న గారడీలే, వాటికి లెక్క లేదు. ఎనిమిది గంటలు విశ్రాంతి తీసుకుంటే స్లాట్‌లన్నీ తిరిగొస్తాయి. గంటసేపు ఆగితే కొంచెం రాబట్టుకునే వీలుంది గానీ, అదీ రోజుకు ఒకసారే.

ఆ రోజు కథలో వీళ్లొక గుహలోకి వెళ్లారు. గుమ్మం దగ్గరే చిన్న చిన్న పిశాచాల గుంపు ఎదురైంది. మా వాడు ఉత్సాహంలో ఫైర్‌బాల్ వేశాడు. అది మూడో తరగతి మంత్రం. ఇంకా నాలుగు మిగిలితే రెండోది కూడా వేశాడు. మిగతా ముగ్గురూ తలలు పట్టుకున్నారు. అరగంట తర్వాత గుహ లోపల అసలు శత్రువు లేచి నిలబడేసరికి మా వాడి కాగితంలో మూడో తరగతి స్లాట్ ఒక్కటీ లేదు. ఒక స్నేహితుడి పాత్ర చచ్చిపోయేదాకా వచ్చింది. మా వాడి మొహం చూస్తే నిజంగానే ఎవరికో ఏదో అయినట్టుంది.

ఆట అయ్యాక బయట చాయ్ తాగుతూ అడిగాను. "బేటా, జాదూగాడికి రోజుకు రెండే ఏమిటి?"

"రెండే కాకపోతే ఆటే ఉండదు మామూ. ప్రతిదానికీ అదే వేసేస్తాం. ఇంక ఆలోచించేదేముంది?"

ఆ జవాబు పట్టుకుని నేను నెలరోజులు చదివాను. మీకు చెప్పాలనిపించిన తారీఖ్ ఇదీ.

ఈ ఆట 1974లో అమెరికాలో అచ్చయింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తయారుచేశారు. ఊరి పేరు లేక్ జెనీవా, విస్కాన్సిన్ రాష్ట్రం. పేరుకు తగ్గట్టే అదొక సరస్సు ఒడ్డున ఉంది. మొదటి ముద్రణ వెయ్యి కాపీలు. అంతకుముందు వీళ్లంతా బల్ల మీద సైనికుల బొమ్మలు పెట్టి యుద్ధపు ఆటలు ఆడేవాళ్లు. ఆ ఆటల్లో ఎవరి దగ్గర ఏముందో లెక్క ఉండాలి. సైన్యం స్థానంలో ఒక్కో మనిషిని పెట్టేసరికి కొత్త చిక్కు వచ్చింది. కత్తి పట్టినవాడు ఒక్కొక్కరినే కొడతాడు. మంత్రం చదివేవాడు గుంపు మొత్తాన్ని కాల్చేస్తాడు. వాడికి పగ్గం వేయకపోతే మిగతావాళ్లకు ఆటలో పనేముంది?

ఆ పగ్గం గైగాక్స్‌కు ఒక కథల పుస్తకంలో దొరికింది. జాక్ వాన్స్ అనే రచయిత రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సరుకుల ఓడల్లో పనిచేస్తూ కొన్ని కథలు రాశాడు. అవి 1950లో 'ది డయింగ్ ఎర్త్' పేరుతో వచ్చాయి. సూర్యుడు ఆరిపోబోతున్న దూరపు భవిష్యత్తు అది. ఒకప్పుడున్న మంత్రాల్లో సుమారు వంద మాత్రమే మిగిలాయి. అవి కూడా ఎంత బరువైనవంటే, మాజీరియన్ అనే మాంత్రికుడు ఎంత సాధన చేసినా పెద్దవైతే నాలుగు, చిన్నవైతే ఆరు మాత్రమే బుర్రలో పట్టగలడు. ఇంకో వింత ఉంది. మంత్రం నోటితో పలకగానే జ్ఞాపకంలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ కావాలంటే మళ్లీ కితాబ్ తెరిచి కంఠస్థం చేయాలి.

ఆటలోకి ఆ నియమమే వచ్చింది. 1974 పుస్తకంలో మొదటి మెట్టు మాంత్రికుడికి రోజుకు ఒకే ఒక్క మంత్రం. పొద్దున్నే ఏది కంఠస్థం చేయాలో ముందే తేల్చుకోవాలి. తాళం తీసే మంత్రం నేర్చుకుని బయల్దేరితే, దారిలో దొంగలు పడినా చేతిలో తాళం మంత్రమే ఉంటుంది. తర్వాత నియమాలు మారుతూ వచ్చాయి. 2008 నాటి పుస్తకంలో ఎప్పుడైనా వేసేవి, ఒక్కో పోరుకు ఒకసారి వేసేవి, రోజుకోసారి వేసేవి అని మూడు రకాలు చేశారు. 2014 పుస్తకంలో మంత్రం మరిచిపోవడం పోయింది, స్లాట్ ఖర్చవడం మిగిలింది. వాన్స్ రుణం మాత్రం ఆటలో ఉండిపోయింది. ఆ ఆటలోని పేరుమోసిన దుష్ట మాంత్రికుడు వెక్నా పేరు వాన్స్ అక్షరాలనే అటూ ఇటూ మార్చి పెట్టింది. ఇవాళ పిల్లల ఫోన్ గేముల్లో మంత్రం వేసినకొద్దీ తరిగిపోయే నీలం గీత కూడా ఆ పగ్గానికి దగ్గరి చుట్టమే.

ఇక మా ఆపా భయం. ఆ భయం ఆపా ఒక్కదానిదే కాదు. 1980లలో అమెరికాలో చర్చిలకు వెళ్లే తల్లిదండ్రులు సరిగ్గా ఇలాగే భయపడ్డారు. ఈ ఆట పిల్లలను షైతాన్ వైపు లాగుతుందని 1983లో ఒక తల్లి సంఘమే పెట్టింది. ఆమె కొడుకు ఆత్మహత్య చేసుకున్నాడు, కారణం ఆటేనని ఆమె నమ్మింది. టీవీల్లో చర్చలు జరిగాయి, కోర్టుల దాకా వెళ్లారు. ఆట వల్లే చావులని ఏదీ రుజువు కాలేదు. కానీ బిడ్డను పోగొట్టుకున్న తల్లిని చూసి నవ్వే హక్కు నాకు లేదు. పాచికల సంగతి, ఊహల్లో సాహిర్ వేషం సంగతి ఆలిమ్‌లను అడగండి, నేను ఆలిమ్‌ను కాను. నేను ఆపాకు చెప్పింది ఒక్కటే. "వాడు మంత్రాలు నేర్చుకోవడంలేదు, హిసాబ్ నేర్చుకుంటున్నాడు. నాని మనకు చెప్పిన ఖిస్సానే వాడు ఇంకో భాషలో వింటున్నాడు."

"నాని ఏం చెప్పింది?" అంది ఆపా.

అక్కడ నేను ఆగిపోయాను.

మా నాని ఇల్లు కైకలూరు వైపు, కొల్లేటి ఒడ్డున. వానాకాలం నీళ్లు పెరట్లోకి వచ్చేవి. కరెంటు పోయిన రాత్రులు మంచం మీద ఆరుగురం పిల్లలం, మధ్యలో నాని, లాంతరు. నాని చదవలేదు, రాయలేదు. కానీ అమీర్ హమ్జా దాస్తాన్ చెప్పేది. అందులో అమర్ అయ్యార్ దగ్గర ఒక సంచి ఉండేది. పేరు జంబీల్. ఎంత వేసినా నిండదు, ఏది కావాలంటే అది తీయొచ్చు. "అందులో కొల్లేరంతా పడుతుంది, ఇంకా చోటు మిగులుతుంది" అనేది నాని. మేం చీకట్లో కొల్లేటి వైపు చూసి, అంత సంచి ఎంతుంటుందోనని చేతులు చాపేవాళ్లం.

ఈ దాస్తాన్ సీరత్ కాదు. హజ్రత్ హమ్జా (రజి.) పేరు చుట్టూ ఫారసీ కథకులు అల్లిన కల్పన. ఇది మన గడ్డకు పరాయిది కూడా కాదు. అక్బర్ పాదుషా ఈ కథకు సుమారు పదిహేనేళ్లు కూర్చోబెట్టి 1400 బొమ్మలు గీయించాడని చెబుతారు. 17వ శతాబ్దం ఆరంభంలో హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ అనే ఇరానీ కథకుడు కుతుబ్‌షాహీల హైదరాబాద్‌లో ఇదే కథను 'జుబ్దతుర్రుమూజ్' పేరుతో ఫారసీలో కూర్చాడు. అప్పట్లో కుతుబ్‌షాహీల పెద్ద రేవు మచిలీపట్నం. కొల్లేరు దాటితే బందరు ఎంత దూరం? ఏలూరు తివాచీలు నేసే కుటుంబాలు తమ పెద్దలు ఇరాన్ నుంచి వచ్చారనే చెప్పుకుంటాయి. నాని నోట్లోకి ఆ ఖిస్సా ఏ దారిన వచ్చినా, దారులు మాత్రం ఉన్నాయి.

1801లో ఖలీల్ అలీ ఖాన్ అష్క్ ఫోర్ట్ విలియం కాలేజీ కోసం దీన్ని ఉర్దూలో రాశాడు. తర్వాత లక్నోలో మున్షీ నవల్ కిషోర్ ప్రెస్ ఏకంగా 46 సంపుటాలు వేసింది. అందులో అందరూ మెచ్చేది 'తిలిస్మె హోష్‌రుబా'. మొదటి నాలుగు భాగాలు ముహమ్మద్ హుసేన్ జాహ్, మిగతావి అహ్మద్ హుసేన్ ఖమర్ రాశారు. మొదటి భాగం 1883లో వచ్చింది. విస్కాన్సిన్ కుర్రాళ్లు మాంత్రికుడికి పగ్గం వెతకడానికి తొంభై ఏళ్ల ముందు.

మా వాడి ఆట చూశాక నేను హోష్‌రుబా మళ్లీ తెరిచాను. ఈసారి ఒకటే ప్రశ్నతో చదివాను. ఇక్కడ జాదూకు పగ్గం ఎక్కడుంది?

సాహిర్ల రాజు అఫ్రాసియాబ్‌కు రోజుకు ఇన్ని అనే లెక్క లేదు. ఆయన చప్పట్లు కొడితే అగ్ని వర్షం. కానీ ఆ తిలిస్మ్‌ను కట్టినవాళ్లే దానికి ఆయుష్షు రాసిపెట్టారు. ఫలానా రోజుకు ఫలానా మనిషి వచ్చి దీన్ని విప్పుతాడని ముందే ఉంది. ఆ మనిషి హమ్జా మనవడు అసద్. అతనికి దారి చూపేది లౌహ్, అంటే ఒక పలక. అడుగడుగునా పలక చూడాలి, పలక చెప్పినట్టే చేయాలి. ఎంత ధీరుడైనా పలక చూడకుండా వేసిన అడుగు వల. అమీర్ హమ్జాకు ఇస్మె ఆజమ్ తెలుసు. దాని ముందు ఏ సిహ్ర్ నిలవదు. అందుకే శత్రువులు ఆయన నోట ఆ ఇస్మ్ రాకుండా చేయాలని చూస్తారు.

ఇక అమర్. అతనికి జాదూ రాదు. అతను అయ్యార్, అంటే వేషాలు మార్చే గూఢచారి. సరందీప్‌లో బుజుర్గులు అతనికి ఇచ్చిన తోఫాలున్నాయి. జంబీల్ ఉంది. కప్పుకుంటే ఎవరికీ కనబడని గిలీమ్ ఉంది. ఎంత బరువునైనా లాగే జాల్-ఎ-ఇల్యాసీ ఉంది. మా భాంజా ఆటలో కూడా ఒక మాయ సంచి ఉందట. కానీ దానికి 500 పౌండ్ల హద్దు. జంబీల్‌కు హద్దే లేదు. ఇంత చేతిలో ఉన్నవాడు రోజుకో రాజ్యం గెలవొచ్చుగా? గెలవడు. ఎందుకంటే అమర్ పరమ కంజూస్. తీయడానికి చేయి రాదు. దాస్తాన్ వినేవాళ్లు పగలబడి నవ్వేది ఆ పిసినారితనానికే.

నాని ఆ చోట నవ్వేది కాదు. ఆమె మాట నాకు గుర్తుంది. "కంజూస్ కాదురా. అవి పెద్దలు నమ్మి ఇచ్చినవి. అమానత్. అమానత్‌ను ప్రతి చిన్నదానికీ బయటికి తీస్తారా? ముందు నీ అఖల్ వాడు. అఖల్ అయిపోతే అప్పుడు సంచిలో చేయి పెట్టు."

చూడండి, రెండు చోట్లా పగ్గం ఉంది. లేక్ జెనీవా ఆటలో పగ్గం అంకె, అయిపోతే అయిపోయింది. నాని దాస్తాన్‌లో పగ్గం షర్త్. ఎంత ఉన్నా, ఎప్పుడు తీయాలో తెలియాలి. మొదటిది మొబైల్ డేటా ప్యాక్ లాంటిది. రెండోది ఇంట్లో పెద్దల చేతి బీరువా తాళం లాంటిది.

ఈ రెండో రకం తెలుగువాళ్లందరికీ తెలిసిందే. 1951లో వచ్చిన పాతాళభైరవి గుర్తు చేసుకోండి. నేపాళ మాంత్రికుడిగా వేసిన ఎస్.వి. రంగారావు పుట్టింది మన నూజివీడులో, ఇప్పుడది ఏలూరు జిల్లాలోనే ఉంది. వాన్స్ పుస్తకం 1950, ఈ సినిమా 1951. ఒకరికొకరు తెలియని ఇద్దరు మాంత్రికులు. మన మాంత్రికుడికి అడిగిందల్లా ఇచ్చే ప్రతిమ దొరికింది, దానికి రోజుకు ఇన్ని కోరికలనే లెక్క లేదు. అయినా ఓడిపోయాడు. ఎలా? అంజిగాడు మాంత్రికుడి శిష్యుడు సదాజప వేషం వేసుకుని వెళ్లి, రాకుమారికి అందంగా కనబడాలంటే గడ్డం తీసేయమని నమ్మించాడు. మాంత్రికుడి శక్తి ఆ గడ్డంలోనే ఉంది. కత్తి లేదు, మంత్రం లేదు, వేషం, మాట, అంతే. నేను చెబుతున్నా, అంజిగాడు అచ్చంగా అయ్యార్. అమర్‌కు తెలుగు తమ్ముడు.

ఇదంతా ఆపాకు ఫోన్లో చెప్పాను. ఆపా అంతా విని, "అమర్ దగ్గర జంబీల్, గిలీమ్, వల చెప్పావు. నాని ఇంకా చెప్పేది కదా. సంచి లోపల ఒక షహర్ ఉండేదని, అందులో పనివాళ్లుండేవాళ్లని, ఒక ముసలావిడ ఖిస్సా. అది ఎలా అయిపోతుంది?" అని అడిగింది.

నాకు గుర్తు రాలేదు. ఆపాకూ రాలేదు. సంచి లోపల షహర్ సంగతి పుస్తకంలో దొరుకుతుంది. నాని చెప్పిన ముసలావిడ నాకు పుస్తకంలో దొరకలేదు. అది లక్నో ఖిస్సా కాదు, కొల్లేటి ఖిస్సా. మిగతా నలుగురు కజిన్లకు ఫోన్ చేశాను. ఒకరు దుబాయ్‌లో, ఒకరు హైదరాబాద్‌లో, ఇద్దరు ఇక్కడే. లాంతరు అందరికీ గుర్తుంది. కొల్లేరు పట్టే సంచి గుర్తుంది. ముసలావిడ ఎవరికీ గుర్తులేదు. నాని పోయి ఇరవై రెండేళ్లయింది. నేను ఉర్దూ మీడియంలో చదివాను, తెలుగులో డిగ్రీ చేశాను, ఇరవై ఏళ్లుగా ఊళ్లో అందరి మాటలూ నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. మా నాని మాట ఒక్క పేజీ రాసుకోలేదు.

వాన్స్ మాంత్రికుడు మంత్రం పలికితే మరిచిపోతాడు. మనకు అది తిరగబడింది. హాఫిజ్‌లను అడగండి, చదివిన కొద్దీ నిలుస్తుంది, చదవడం మానితే జారిపోతుంది అంటారు. దాస్తాన్ కూడా అంతే. ఢిల్లీలో చివరి దాస్తాన్‌గో అని పేరుపడ్డ మీర్ బాఖర్ అలీ 1928లో పోయారు. 2005లో మళ్లీ కొందరు వేదికలెక్కి దాస్తాన్‌గోయీ మొదలుపెట్టేదాకా డెబ్బై ఏడేళ్లు గడిచాయి. వాళ్లు మొదలుపెట్టగలిగింది నవల్ కిషోర్ ప్రెస్ అచ్చు వేసిపెట్టింది కాబట్టి. మన నానీలకు, దాదీలకు ఏ ప్రెస్ ఉంది? వాళ్ల ఖిస్సాలకు ఎనిమిది గంటల విశ్రాంతితో తిరిగొచ్చే స్లాట్ కూడా లేదు.

పోయిన నెల భాంజా ఫోన్ చేశాడు. వాడి విజార్డ్‌ను పక్కన పెట్టి కొత్త పాత్ర తయారు చేస్తున్నాడట. పేరు అమర్. మంత్రాలు రావు. సంచి ఒకటి ఉంది. "మామూ, సంచికి హద్దు పెట్టకపోతే మావాళ్లు ఒప్పుకోవడంలేదు. ఏం పెట్టమంటారు?"

నాని చెప్పింది చెప్పాను. ముందు తెలివితో మూడు ఉపాయాలు చేసి చూడాలి, మూడూ విఫలమైతేనే సంచిలో చేయి పెట్టాలి. వాడు కాసేపు ఆలోచించి, "ఇది స్లాట్‌ల కంటే కష్టం మామూ" అన్నాడు. ఆపా పక్కనే ఉన్నట్టుంది, "మూడు కాదు, నాని ఏడు అనేది" అని వినబడింది. ఏడో, మూడో ఇంకా తేలలేదు.

వాడికి ఉర్దూ లిపి రాదు. అందుకని ప్రతి ఇత్వార్ ఇషా తర్వాత నేను ఫోన్లో హోష్‌రుబా పది పేజీలు చదువుతున్నాను, వాడు వింటున్నాడు. గదిలో మిగతా పిల్లలు కూడా వింటున్నారట. వాళ్ల కోసం మధ్యమధ్యలో తెలుగులో చెబుతున్నాను. ఆపా ఏలూరు నుంచి కాల్‌లో కలుస్తుంది. ఎక్కడైనా నాని చెప్పింది వేరుగా ఉంటే ఆపి చెబుతుంది, నేను రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి.

మీ ఇంట్లో నాని గానీ, దాదీ గానీ ఉంటే, ఈ రాత్రి ఒక ఖిస్సా అడిగి రాసిపెట్టుకోండి. కొల్లేటి వైపు వాళ్లెవరికైనా జంబీల్‌లోని ముసలావిడ ఖిస్సా తెలిస్తే, మెహర్బానీ చేసి నాకు చెప్పండి. మా ఆపా ఎదురుచూస్తోంది.